సముద్రపు పురుగుకి నాలుగు కాయిళ్లు

ఇప్పుడు కాలేజీల్లో లెక్చరర్లుగా కొత్తగా చేరిన మీరు, ఒక ప్రోటీన్ ఎలా ఉంటుందో పిల్లలకు చూపించాలంటే జేబులోంచి ఫోను తీసి, వేలితో అటూ ఇటూ తిప్పి, మళ్ళీ జేబులో పెట్టుకుంటారు. మిమ్మల్ని చూస్తే నాకు అసూయ లేదు. ఉంది, కొద్దిగా. నేను ఆ పని చేసిన రోజుల్లో దానికి ఒక మోటారు మెకానిక్కు, ఒక పాత బేరింగు, మూరెడు మేకపేగు కావలసి వచ్చాయి. అవి చాలక ఒక పెద్దమనిషి టేబుల్ కింద దాక్కోవలసి వచ్చింది. నా ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క పాఠానికి ఇంత హంగామా మరెప్పుడూ జరగలేదు కాబట్టి దాన్నే చెబుతాను.

ఎనభైల నడుమ మాట. నరసరావుపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణే గాని నా ఉద్యోగం ఉద్యోగం కాదు. ప్రతి జూన్‌లో ఒక కాగితం ఇచ్చి చేర్చుకునేవారు, ప్రతి ఏప్రిల్‌లో ఒక నమస్కారం పెట్టి పంపించేవారు. అప్పటికి మూడు నమస్కారాలు అయ్యాయి. క్రోసూరులో మా నాన్నకి పురుగుమందుల కొట్టు ఉండేది. పత్తి రైతులతో కిటకిటలాడే కొట్టు. ఎప్పుడు ఇంటికి వెళ్ళినా, "పురుగుల చదువే గదరా చదివింది, పురుగుమందు అమ్మటానికి ఇంకేం కావాల? ఈ ఏడు గూడా పర్మనెంటు గాకపోతే వచ్చి కొట్లో కూర్చో" అనేవాడు. ఆ మందుల వాసనకి నాకు చిన్నప్పటి నుంచి వాంతులు. అంతకంటే పెద్ద కారణం, పురుగులంటే నాకు ఇష్టం.

ఆ ఏడు డిసెంబరులో ప్రిన్సిపాల్‌గారు పిలిచారు. ఆయనది గురజాల వైపు మోతుబరి కుటుంబం. కాలేజీని కూడా పొలంలాగే చూసేవారు, పెట్టిన పెట్టుబడికి దిగుబడి కనపడాలి.

"బయోకెమిస్ట్రీ గ్రూపుకి అప్లికేషను పెట్టాం. యూనివర్సిటీ నుంచి కమిషను వస్తది. వాళ్ళకి కొత్తదేదన్నా చూపియ్యాల. మన ల్యాబులో కప్పలు తప్ప ఏమున్నయ్యయ్యా?" అన్నారు.

"ఏదైనా మోడల్ చేస్తాను సార్."

"చెయ్యి. గ్రూపొస్తే పోస్టొస్తది. ఆ పోస్టు నీదే. రాకపోతే మాత్రం వచ్చే జూన్‌లో ఇటు రామాక."

ఇంత సూటిగా నా భవిష్యత్తు ఎవరూ చెప్పలేదు. గదికి పోయి ట్రంకుపెట్టె తీశాను. అడుగున, ఎమ్మెస్సీ రోజుల్లో ఒక విదేశీ పత్రికలోంచి జిరాక్సు తీయించి దాచుకున్న బొమ్మ ఒకటి ఉంది. దాని సంగతి కొంచెం చెప్పాలి.

మన రక్తంలో హీమోగ్లోబిన్ ఉంటుందని అందరికీ తెలుసు. అందులో హీమ్ అనే పళ్ళెం, పళ్ళెం నడుమ ఇనుము. ఆక్సిజన్ వచ్చి ఆ ఇనుము మీద కూర్చుంటుంది, రక్తం ఎర్రబడుతుంది. కాని సముద్రపు బురదలో కన్నం చేసుకుని బతికే పురుగుల జాతి ఒకటుంది. ముట్టుకుంటే ముడుచుకుపోయి వేరుశనక్కాయలా అవుతుంది. దాని ఒంట్లో ఆక్సిజన్‌ని పట్టుకునే ప్రోటీన్ పేరు హీమెరిత్రిన్. పేరులో హీమ్ ఉంది గాని లోపల లేదు. పళ్ళెం గిళ్ళెం లేకుండా రెండు ఇనుము పరమాణువులు పక్కపక్కనే కూర్చుంటాయి, ప్రోటీనే చేతులు చాపి వాటిని నేరుగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ లేనప్పుడు దానికి రంగే లేదు. ఆక్సిజన్ అందిందా, నేరేడుపండు తిన్న నాలుకలా ఊదారంగుకి తిరుగుతుంది. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "ఇనుమంటే ఎర్రంగా తుప్పు పట్టాల గదా సార్, ఈ ఊదారంగేంది?" అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగినవాణ్ణి నేను ఇంకా మరిచిపోలేదు.

ఆ ప్రోటీన్ లోపలి కట్టడం అప్పటికి కొత్తగా తేలిన సంగతి. నా జిరాక్సు బొమ్మలో అదే ఉంది. నాలుగు మెలికలు, నిలబెట్టిన నాలుగు స్ప్రింగుల్లాగా పక్కపక్కన. వాటి నడుమ రెండు ఇనుప చుక్కలు. నాలుగు మెలికలూ ఒకే గొలుసు, పైకి ఎక్కి, మలుపు తిరిగి, కిందికి దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగుతుంది. ఇలాంటివి ఎనిమిది కలిస్తే ఒక పూర్తి ప్రోటీన్. నాకు ఒకటి చాలు అనుకున్నాను.

ఇక అసలు పురుగు. అది మా మ్యూజియం అరలో గాజుజాడీలో ఉండేది, చక్కని లేబుల్‌తో. అది పురుగు కాదని మా అటెండరుకీ నాకూ మాత్రమే తెలుసు. నేను చేరకముందు ఒక ఎండాకాలం జాడీలో ఫార్మలిన్ ఆరిపోయి, అసలుది ఎండి పొడైపోయిందట. తెల్లారితే తనిఖీ. మా అటెండరు సమయస్ఫూర్తి గలవాడు. కసాయి కొట్టుకి వెళ్ళి మూరెడు మేకపేగు తెచ్చి, కడిగి, ఒక కొస దారంతో ముడేసి, జాడీలో దించాడు. "సైజదే సార్, రంగదే. పైగా మనది బొద్దుగా ఉంది" అని నాతో చెప్పాడు. నాకు తెలిసి మూడేళ్ళుగా పిల్లలు ఆ పేగునే చూసి బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, మార్కులు తెచ్చుకుంటున్నారు. నేను నోరెత్తలేదు. సముద్రానికి పోయి అసలుది తేవాలంటే రెండు బస్సులు మారాలి.

మోడల్ మొదట అట్టతో చేశాను, కోళ్ళగూడులా వచ్చింది. అప్పుడే నేను అద్దెకున్న ఇంటివాళ్ళ బావి మోటారు కాలిపోయింది. దాన్ని రిక్షాలో వేసుకుని స్టేషన్ రోడ్డులో మోటార్లు చుట్టే భాయ్ దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి, మెడలో కొలత టేపు, చెవిలో పెన్సిలు. చుట్టుపక్కల నలభై ఊళ్ళ బావిమోటార్లు ఆయన చేతి మీదుగానే మళ్ళీ ఊపిరి పోసుకునేవి. గోడకి వరసగా వేలాడుతున్న కాయిళ్లు చూడగానే నా బొమ్మ కళ్ళముందు నిలబడింది.

"భాయ్, నాకు నాలుగు కాయిళ్లు చుట్టిపెట్టాలి."

"ఎన్ని హెచ్.పి. సారూ?"

"మోటారుకి కాదు. పురుగుకి."

ఆయన చెవిలో పెన్సిలు తీసి, నా ముఖం చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పురుగుకి కాయిళ్లేంది సారూ?"

జిరాక్సు తీసి బల్ల మీద పరిచాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చానాసేపు చూశాడు. ఏ సెమినార్‌లోనూ ఒక బొమ్మని అంత శ్రద్ధగా చూసినవాళ్ళని నేను చూడలేదు.

"యాడుంటది ఈ పురుగు?"

"సముద్రం బురదలో."

"బురదలో గాలేడిది? అందుకే దీనికి ఇంత మిషనరీ" అన్నాడు. నేను పది నిమిషాలు చెప్పాలనుకున్నది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

వారం తర్వాత వెళితే మోడల్ తయారుగా ఉంది. దళసరి ఇనుప తీగ మీద పచ్చ స్లీవు తొడిగి, పైపు మీద చుట్టి, చెక్కపీట మీద నాలుగు మెలికలు నిలబెట్టాడు. ఇనుము పరమాణువులకి ఒక అరిగిన బేరింగులోంచి రెండు గుండ్లు తీశాడు. ఆక్సిజన్‌కి రెండు ఎర్రపూసలు, తీగకి గుచ్చి. అంతటితో ఆగలేదు. ఆ ఎర్రపూసల తీగ గుండుకి తగిలితే పీట కింద టార్చి సెల్లులు కలిసి, పెళ్ళిపందిళ్ళకి వాడే ఊదా గాజుకాగితం చుట్టిన చిన్న బల్బు నడుమ వెలిగేలా అమర్చాడు. "రంగు మారుతదన్నారు గదా" అన్నాడు తల దించుకుని, తప్పేదో చేసినట్టు. నాకు ఆయన్ని కౌగిలించుకోవాలనిపించింది. కౌగిలించుకున్నాను కూడా, చొక్కాకి వార్నిష్ అంటింది.

ఆ తర్వాత గమనించాను. నాలుగింట్లో రెండు మెలికలు కుడివైపు చుట్టి ఉన్నాయి, రెండు ఎడమవైపు.

"ఇదేంటి భాయ్, ఒకటి ఇటు, ఒకటి అటు?"

"పక్కపక్కన పోల్సు గదా సారూ, అయస్కాంతానికి ఉత్తరం దక్షిణం మాదిరి. ఒకటి సీదా, ఒకటి ఉల్టా. అన్నీ ఒకే పక్క చుడితే మోటారు తిరగదు, గుర్రుమని కాలిపోద్ది."

ఎవరైనా తెలివైన లెక్చరర్ అయితే అక్కడే నవ్వి సరిచేయించేవాడు. నేను అంతకంటే తెలివైనవాణ్ణి. బొమ్మ చూశాను. గొలుసు ఒక మెలికలో పైకి పోతోంది, పక్కదానిలో కిందికి వస్తోంది. దిశ తిరగబడితే చుట్టు కూడా తిరగబడాలి కదా అనుకున్నాను. ప్రకృతీ, స్టేషన్ రోడ్డూ ఒకే సూత్రం మీద నడుస్తున్నాయని నాకు ఒళ్ళు పులకరించింది. మర్నాడు క్లాసులో బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించాను, రెండు కుడి మెలికలు, రెండు ఎడమ మెలికలు అని. నలభైమంది రాసుకున్నారు. ఒక పుస్తకం తెరిచి సరిచూసుకుందామన్న ఆలోచన ఎందుకు రాలేదంటే, ఆలోచన మరీ బాగుంది, చెడగొట్టుకోబుద్ధి కాలేదు.

కమిషను వచ్చే రోజు పొద్దున బల్బు వెలగలేదు. భాయ్‌ని పిలిపించాను. ఆయన చూసి నాలిక కరుచుకున్నాడు. ముందురోజు మోడల్‌కి మెరుపు రావాలని మొత్తానికి ఇంకోపూత వార్నిష్ కొట్టాడట, బేరింగు గుండ్లతో సహా. చుట్టిన ప్రతిదానికీ వార్నిష్ కొట్టడం ఆ చేతికి అలవాటు. వార్నిష్‌లోంచి కరెంటు పోదు. గీకుదామనేలోపు జీపు గేటు దాటింది.

"మీరు కానియ్యండి సారూ" అని భాయ్ టేబుల్ మీది గుడ్డ ఎత్తి కిందికి దూరాడు. "మీరు ఆక్సిజన్ అనంగనే నేను తీగలు కలుపుతా."

కమిషనులో ఇద్దరు. ఒకాయన కామర్స్, కాఫీ తాగి కుర్చీలో స్థిరపడ్డారు. రెండో ఆవిడ బయోకెమిస్ట్రీ ప్రొఫెసరు. నేత చీర, చేతిలో చిన్న నోటుపుస్తకం, ముఖంలో ఏ భావమూ లేదు. ఆవిడ ముందు మ్యూజియం అర దగ్గర ఒక నిమిషం నిలబడి, తర్వాత నా టేబుల్ దగ్గరికి వచ్చారు. ప్రిన్సిపాల్‌గారు ఆవిడ వెనకాల, మా అటెండరు ఆయన వెనకాల.

నేను మొదలుపెట్టాను. మెలికలు చూపించాను, గుండ్లు చూపించాను. ఎర్రపూసలు పట్టుకుని, "ఇప్పుడు ఆక్సిజన్ వస్తోంది" అన్నాను. బల్బు ఊదాగా వెలిగింది. తీశాను, ఆరింది. ప్రిన్సిపాల్‌గారి ముఖం కూడా వెలిగింది. గ్రూపు వచ్చేసినట్టే అనిపించింది.

ఆవిడ టేబుల్ చుట్టూ ఒకసారి నడిచారు. "ఈ రెండూ ఎడమవైపు ఎందుకు చుట్టారు?"

"గొలుసు వీటిలో కిందికి దిగుతుంది మేడమ్. పైకి పోయేవి కుడి, కిందికి దిగేవి ఎడమ."

"ప్రోటీన్లలో ఈ రకం మెలికలన్నీ కుడివైపే కదండీ."

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. ప్రిన్సిపాల్‌గారు చూస్తున్నారు, క్రోసూరు కొట్టు వాసన ముక్కుకి తగులుతోంది. "పక్కదాన్ని తలకిందులు చేశాక చుట్టు కూడా తిరగబడాలి కదా మేడమ్" అన్నాను గట్టిగా.

"తిరగబడుతుందా?"

"తిరగబడుతుంది మేడమ్."

"తిరగబడదు సారూ" అంది టేబుల్.

గదిలో అందరూ టేబుల్ వైపు చూశారు. గుడ్డ లేచింది. భాయ్ మోకాళ్ళ మీద బయటికి వచ్చి, దులుపుకుని, అందరికీ సలాం చేశాడు. జేబులోంచి తలకాయ లేని బోల్టు ఒకటి, ఒక నట్టు తీశాడు. మోటారు మెకానిక్కు జేబులో అవి ఎప్పుడూ ఉంటాయి.

"చూడండమ్మా. ఈ కొసనుంచి నట్టు ఎక్కియ్యాలంటే కుడిపక్క తిప్పాల. ఇప్పుడు బోల్టుని తలకిందులు చేస్తన్నా. ఆ కొసనుంచి ఎక్కిస్తన్నా. మళ్ళీ కుడిపక్కే. తిరగేస్తే చుట్టు మారదు. మారితే మా బతుకులు ఏంగానూ. ఉల్టా చుట్టింది నేనే, పోల్సు అనుకోని. సారు తప్పేం లేదు."

ఆవిడ బోల్టు అడిగి తీసుకున్నారు. తనే నట్టు ఎక్కించారు, తిరగేశారు, మళ్ళీ ఎక్కించారు. "మీరెవరు?"

"మోటార్లు చుడతానమ్మా."

"టేబుల్ కింద ఏం చేస్తున్నారు?"

భాయ్ నా వైపు చూశాడు. ఆ చూపులో, మీరు ఏం చెప్పమంటే అది చెబుతాననే అర్థం ఉంది. తన తప్పు కాని తప్పుని కూడా ఒకసారి నెత్తిన వేసుకున్న మనిషి. నాకు సిగ్గేసింది. చుట్టింది ఆయనే గాని, సరేనన్నది నేను, దానికి సిద్ధాంతం కట్టి నలభైమంది చేత రాయించింది నేను.

"ఆక్సిజన్ ఇస్తున్నాడు మేడమ్" అన్నాను. తర్వాత వార్నిష్ సంగతి, బోర్డు మీద రాయించిన సంగతి, మొత్తం చెప్పేశాను. "తప్పు ఆయనది కాదు, నాది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. భాయ్ వైపు తిరిగి, "ఆ రెండూ మళ్ళీ చుట్టడానికి ఎంతసేపు పడుతుంది?" అన్నారు.

"పైపు నా సైకిలుకే కట్టుంది. ముప్పావుగంట."

"మేము భోంచేసి వస్తాం."

ప్రిన్సిపాల్‌గారు నా పక్కనుంచి పోతూ, పెదాలు కదలకుండా, "గోంగూర కాడ పావుగంట, పెరుగు కాడ పావుగంట ఆపుతా. నువ్వు కానియ్యి" అన్నారు. విజ్ఞానశాస్త్రానికి ఆయన చేసిన సేవ అదే. భాయ్ చుట్టాడు, నేను గుండ్ల మీద వార్నిష్ గీకాను, అటెండరు సెల్లులు పట్టుకున్నాడు. వాళ్ళు చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి నాలుగు మెలికలూ కుడివైపే ఉన్నాయి, టేబుల్ కింద ఎవరూ లేరు. పూసలు తగిలించాను. బల్బు తనంతట తానే వెలిగింది.

ఆవిడ తల ఊపి, నోటుపుస్తకంలో ఏదో రాసుకుని, నేరుగా మ్యూజియం అర దగ్గరికి వెళ్ళి ఆ జాడీ తీశారు. కిటికీ వెలుతురులో పట్టుకుని చూశారు. "దీని వెనక కూడా ఎవరైనా ఉన్నారా?"

అటెండరు పైకి ఫ్యాను వైపు చూస్తున్నాడు. ప్రిన్సిపాల్‌గారికి ఆ జాడీ సంగతి తెలియదు, కాబట్టి ధైర్యంగా, "సముద్రం పురుగు మేడమ్, మన కాలేజీ పుట్టినకాడ్నుంచి ఉంది" అన్నారు. అవునంటే సరిపోతుంది. పోస్టుకీ నాకూ మధ్య ఒక్క అవును. కాని మధ్యాహ్నం నుంచి నా చెవిలో ఆ టేబుల్ కింది గొంతు పోలేదు.

"అది మేకపేగు మేడమ్" అన్నాను.

ప్రిన్సిపాల్‌గారు నా మోచెయ్యి పైన గిల్లారు. ఇప్పటికీ ఆ చోటు చూపించగలను.

"తెలుసు" అన్నారావిడ. "పొద్దున రాగానే చూశాను. పురుగులకి దారంతో ముడి వేసుకునే అలవాటు లేదు."

"మరి పొద్దునే అడగలేదేం మేడమ్?"

"అడిగితే ఏం చెప్పేవారు?"

ఆలోచించాను. "పొద్దునైతే పురుగనే చెప్పేవాణ్ణి మేడమ్."

అప్పుడు నవ్వారు, మొదటిసారి. జాడీని ఉన్నచోటే పెట్టి, జీపెక్కి వెళ్ళిపోయారు.

నేను ట్రంకుపెట్టె సర్దుకున్నాను. మర్నాడు భాయ్‌ని క్లాసుకి తీసుకెళ్ళి, నలభైమంది ముందు నా తప్పు నేనే చెప్పి, బోల్టూ నట్టూ ఆయన చేతికిచ్చి వెనక బెంచీలో కూర్చున్నాను. ఒకడు లేచి, "పాత నోట్సు ఏంజెయ్యాల సార్?" అన్నాడు. కొట్టెయ్యమన్నాను. వాళ్ళు ఎంత సంతోషంగా కొట్టేశారో చెప్పలేను, మాస్టారు చెప్పింది కొట్టేసే అవకాశం రోజూ రాదు కదా.

వేసవిలో యూనివర్సిటీ నుంచి కాగితం వచ్చింది. గ్రూపు ఇచ్చారు. చివర ఒక షరతు పెట్టారు, మ్యూజియంలో నమూనాలు అసలువి ఉండాలని. ప్రిన్సిపాల్‌గారు అన్నమాట తప్పలేదు. ఆర్డరు నా చేతిలో పెడుతూ, "నిజం చెప్పి గ్రూపు తెచ్చావు, సంతోషం. ఇంకోసారి ఇట్టాంటి పని చెయ్యమాక" అన్నారు. మా నాన్న కొట్లో నా కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

జూలైలో నా పేరున చిన్న పార్శిల్ వచ్చింది. పంపినవారి పేరు లేదు, ఒక నేత చీర గుర్తొచ్చింది. దూది పొరల మధ్య గాజుగొట్టం, అందులో అసలు పురుగు, ముడుచుకుని, వేరుశనక్కాయంత. నాలుగేళ్ళుగా పాఠం చెబుతున్న ప్రాణిని మొదటిసారి చూస్తున్నాను. కళ్ళు చెమర్చాయి. అటెండరుని పిలిచి, పేగు పారేసి దీన్ని జాడీలో దించమన్నాను.

ఆయన గొట్టం అటూ ఇటూ తిప్పి చూశాడు. జాడీ చూశాడు. నిట్టూర్చాడు.

"ఏమన్నా అనండి సార్, మన పేగే నయం. కాస్త పురుగులాగా ఉండేది."